శిల మీది శీలం: బెంగళూరు నేలపై బౌద్ధ నీతి చరిత్ర

బౌద్ధం దక్షిణాదిలో ఎప్పుడు క్షీణించింది, ఎందుకు క్షీణించింది అన్న చర్చ తెలుగులో చాలా కాలంగా సాగుతోంది. అమరావతిలోనో నాగార్జునకొండలోనో శాలిహుండంలోనో విరిగిన స్తంభాల నడుమ నిలబడినవారికి ఆ ప్రశ్న తోచడం సహజమే. కానీ శిథిలాలను బట్టి లెక్క కట్టే చరిత్ర ఒకటైతే, నడవడికను బట్టి లెక్క కట్టవలసిన చరిత్ర మరొకటి. మనిషి ఏ దేవుణ్ణి కొలిచినా, ఏ దేవుణ్ణీ కొలవకపోయినా, తల్లిదండ్రులతో, పనివారితో, పరమతంవారితో, నోరులేని జీవాలతో ఎలా మెలగాలో చెప్పిన బోధగా బౌద్ధాన్ని చూస్తే, ఆ బోధకు బెంగళూరు నగరమూ దాని చుట్టూ ఉన్న నేలా రెండు వేల రెండు వందల ఏళ్లకు పైబడిన సాక్ష్యం పలుకుతాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు బండరాళ్లు, 20వ శతాబ్దపు తొలినాళ్ల బంగారు గనులు, 1956లో గాంధీనగర్‌లో వెలసిన ఒక విహారం, ప్రభుత్వ ఆసుపత్రిలో కాలిన గాయాలకు చికిత్స చేసే ఒక విభాగం, నగరం అంచున వెలిసిన ధ్యాన కేంద్రాలు ఈ చరిత్రలో వరుసగా ఎదురయ్యే మజిలీలు.

ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి మూడు మాటలు ముందుగా తెలియాలి. పాళీ భాషలో ధమ్మం అంటే బుద్ధుడి బోధ అనే అర్థంతోపాటు, ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెలుసుకుని దానికి తగినట్టు నడుచుకోవడం అనే అర్థమూ ఉంది. శీలం అంటే ఆ నడవడిక. గృహస్థులకు అది ఐదు నియమాలుగా, అంటే పంచశీలంగా అందింది: ప్రాణం తీయకుండా ఉండడం, ఇవ్వనిది తీసుకోకుండా ఉండడం, కామం విషయంలో తప్పు నడతకు దూరంగా ఉండడం, అబద్ధం ఆడకుండా ఉండడం, మత్తు పదార్థాలను ముట్టకుండా ఉండడం. ఇవి ఎవరో విధించిన ఆజ్ఞలు కావు. పాటించే మనిషి తనకు తానుగా పూని అలవరచుకునే శిక్షణ నియమాలు కాబట్టే పాళీలో వీటిని సిక్ఖాపదాలు అన్నారు. మూడో మాట లౌకికం. రాజ్యానికి తనదంటూ ఒక మతం ఉండకూడదనీ, అన్ని మతాలవారికీ, ఏ మతమూ లేనివారికీ అందులో సమాన స్థానం ఉండాలనీ ఈ దేశంలో ఆ మాటకు అర్థం స్థిరపడింది. ఇన్ని విశ్వాసాలవారు కలిసి బతికే చోట అందరూ ఒప్పుకోదగిన నీతి ఏది అన్న ప్రశ్న ఆధునిక కాలంలోనే పుట్టిందని అనిపించవచ్చు. ఆ ప్రశ్నకు ఈ నేల మీద దొరికే మొదటి జవాబు మాత్రం బండ మీద చెక్కి ఉంది.

బండ మీద చెక్కిన నడవడిక

బెంగళూరులోనే 1837లో పుట్టిన బి. లూయిస్ రైస్ మైసూరు సంస్థానపు శాసనాలను వెతికి, చదివి, అచ్చు వేయించడంలో జీవితాన్ని గడిపాడు. 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' సంపుటాలు ఆ శ్రమకు ఫలితం. ఆయన 1892లో చిత్రదుర్గం జిల్లా మొళకాల్మూరు తాలూకాలో, రాయదుర్గానికి దగ్గరలో, బ్రహ్మగిరి, సిద్దాపురం, జటింగ రామేశ్వరం అనే మూడు చోట్ల అశోకుడి శాసనాలను గుర్తించాడు. మౌర్య చక్రవర్తి మాట దక్షిణాన ఇంత లోపలికి వచ్చిందని లోకానికి తెలిసింది అప్పుడే. సువర్ణగిరిలో ఉన్న రాజకుమారుడూ, మహామాత్రులనే పెద్ద అధికారులూ కలిసి ఇసిల అనే చోట ఉన్న మహామాత్రులకు పంపిన సందేశం అది. రాజాజ్ఞను అందించే ముందు అవతలివారి ఆరోగ్యాన్ని విచారించాలని కూడా ఆ శాసనం చెబుతుంది. తల్లిదండ్రుల మాట వినాలనీ, పెద్దలను గౌరవించాలనీ, ప్రాణుల పట్ల దయ చెదరకుండా ఉండాలనీ, నిజం పలకాలనీ, శిష్యుడు గురువును ఆదరించాలనీ, బంధువులతో తగినట్టు మెలగాలనీ అందులోని సారాంశం. చివర చపడుడు అనే లేఖకుడు తన పేరు చెప్పుకుని, తన వృత్తిని తెలిపే మాటను మాత్రం వాయవ్య భారతంలో వాడుకలో ఉన్న ఖరోష్ఠీ లిపిలో, కుడి నుంచి ఎడమకు రాసి వదిలాడు.

ఇదే సందేశపు మరింత విపులమైన పాఠం తెలుగు నేల మీద ఉంది. గుత్తి నుంచి పత్తికొండకు వెళ్లే దారిలో, జొన్నగిరికి దగ్గరలో ఉన్న ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలతోపాటు చిన్న శిలాశాసనాలు కూడా ఉన్నట్టు 1920ల చివర బయటపడింది. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, మరికొన్ని కుడి నుంచి ఎడమకీ నడుస్తాయి. సాలు చివర ఎద్దులు వెనక్కి తిరిగి మళ్లీ దున్నుకుంటూ వచ్చినట్టు ఉంటుంది ఆ రాత. రూపం కన్నా ముఖ్యమైనది అందులోని పంపిణీ పద్ధతి. రాజూకుడనే గ్రామీణ అధికారికి ఆజ్ఞ అందాలి, అతడు భేరి మోగించి జానపదులకు, అంటే పల్లె జనానికి, వినిపించాలి; ఏనుగులను నడిపేవారికీ, లెక్కలు రాసే కరణాలకూ, బండ్లు నడపడం నేర్పేవారికీ, బ్రాహ్మణ గురువులకూ ఈ నడవడికను చెప్పి, వారి వారి శిష్యులకు వారిచేత నేర్పించాలి. రాజ్యం నీతిని ఆలయం ద్వారా పంపలేదు, ఆయా వృత్తులు నేర్పే గురువుల ద్వారా పంపింది. పని నేర్చుకునే చోటనే మంచితనమూ నేర్చుకోవాలన్న ఆలోచన ఆ బండ మీద అంత స్పష్టంగా ఉంది.

పెద్ద శాసనాల్లో రెండు ఈ విషయానికి మరీ దగ్గరివి. తొమ్మిదో శాసనం జబ్బు చేసినప్పుడు, పెళ్లిళ్లలో, బిడ్డలు పుట్టినప్పుడు, ప్రయాణాలకు ముందు జనం జరిపే తంతులను ప్రస్తావించి, వాటివల్ల కలిగే ఫలం కొద్దిపాటిదనీ, దాసులతో, పనివారితో సరిగా మెలగడం, గురువులను గౌరవించడం, జీవుల పట్ల నిగ్రహం, దానం అనేవే నిజమైన మంగళకార్యాలనీ చెబుతుంది. పన్నెండో శాసనం అన్ని మతాల సారమూ పెరగాలనీ, దానికి మూలం నోటిని అదుపులో పెట్టుకోవడమేననీ, తన మతాన్ని పొగిడి ఎదుటి మతాన్ని తెగిడేవాడు చివరికి తన మతానికే హాని చేస్తాడనీ వివరిస్తుంది. అశోకుడు స్వయంగా బుద్ధుడి ఉపాసకుడు, స్వర్గం మాట కూడా ఆయన శాసనాల్లో వస్తుంది. అయినా ప్రజలకు చెప్పిన నీతిని ఏ ఒక్క శాఖ సిద్ధాంతం మీదా నిలబెట్టక, అన్ని శాఖలవారూ కాదనలేని మానవ సంబంధాల మీద నిలబెట్టాడు.

గృహస్థుకు చెప్పిన మాట

అశోకుడి ఈ సంబంధాల జాబితాకూ, పాళీ గ్రంథాల్లో గృహస్థుల కోసం ఉన్న ఉపదేశాలకూ దగ్గరి పోలిక ఉంది. వాటిలో సిగాలోవాద సుత్తం ముఖ్యమైనది. తండ్రి చనిపోతూ చెప్పిన మాట ప్రకారం సిగాలుడు అనే యువకుడు రాజగృహం వెలుపల తడిబట్టలతో, తడిజుట్టుతో ఆరు దిక్కులకూ దండం పెడుతుంటే, బుద్ధుడు ఆ ఆచారాన్ని మానమనకుండా దానికి కొత్త అర్థం చెబుతాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు, దక్షిణం అంటే గురువులు, పడమర అంటే భార్యాబిడ్డలు, ఉత్తరం అంటే స్నేహితులు, కింది దిక్కు అంటే సేవకులు, పనివారు, పై దిక్కు అంటే శ్రమణులు, బ్రాహ్మణులు. ప్రతి దిక్కుకూ ఇటునుంచి ఐదు బాధ్యతలు, అటునుంచి తిరుగు బాధ్యతలు ఉంటాయి. యజమాని పనివారి పట్ల చేయవలసినవి ఇవి: శక్తికి తగిన పని అప్పగించాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, ప్రత్యేకమైన వంటకం చేసుకుంటే వారికీ పెట్టాలి, తగిన వేళకు విశ్రాంతి ఇవ్వాలి. జీతం, వైద్యం, సెలవు అనే మూడూ ఒకే చోట కనిపించే ఈ జాబితాను ఇవాళ్టి కార్మిక చట్టాల పక్కన పెట్టి చదివినా పాతబడినట్టు అనిపించదు.

బతుకుతెరువు గురించి కూడా బుద్ధుడి బోధ నిర్దిష్టంగా మాట్లాడుతుంది. ఆర్య అష్టాంగిక మార్గంలో సరైన మాట, సరైన పని, సరైన జీవనోపాధి అనే మూడు అంగాలు కలిసి శీలం అవుతాయి. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మద్యం, విషం అనే ఐదింటి వ్యాపారం ఉపాసకుడు చేయకూడదన్నది జీవనోపాధి నియమం. సంపాదనలో ఒక భాగంతో బతికి, రెండు భాగాలు పనిలో పెట్టి, నాలుగో భాగాన్ని కష్టకాలానికి దాచుకోవాలన్న సలహా కూడా సిగాలుడికి చెప్పిన మాటల్లోనే ఉంది. ఆంధ్రదేశంతో ముడిపడిన ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినవిగా సంప్రదాయం చెప్పే 'సుహృల్లేఖ', 'రత్నావళి' అనే రెండు రచనలు ఇదే ధోరణిని పాలకుడి స్థాయికి తీసుకెళ్లాయి. శూన్యవాదం వంటి సూక్ష్మ తత్త్వాన్ని చర్చించిన ఆయనే రోగులను, దిక్కులేనివారిని ఆదుకోవడం రాజు పని అని రాజుకు గుర్తుచేశాడు. బౌద్ధం ఆ తరువాత కూడా చాలా కాలం నిలిచింది: కన్నడ దేశంలో గదగ జిల్లా డంబళలో 1095 నాటి శాసనం బౌద్ధ దేవత తారకు వర్తకులు ఆలయం కట్టించిన సంగతి చెబుతుంది. ఆ తరువాత శతాబ్దాల్లో విహారాలు ఖాళీ అయ్యాయి, పేర్లు మరుగున పడ్డాయి.

బంగారు గనుల్లో శాక్య బౌద్ధులు

మరుగున పడిన పేరును దక్షిణాదిలో మళ్లీ పైకి తెచ్చింది, కులం కింద నలిగిన మనుషులు. సిద్ధవైద్యుడూ తమిళ పండితుడూ అయిన అయోతీదాసు (1845–1914) 1898లో దివ్యజ్ఞాన సమాజపు కర్నల్ ఆల్కాట్ సహాయంతో సింహళానికి వెళ్లి పంచశీలాన్ని స్వీకరించి, మద్రాసులో శాక్య బౌద్ధ సంఘాన్ని స్థాపించాడు. పరయర్లుగా ముద్రపడినవారు ఆదిలో బౌద్ధులేననీ, కులాన్ని ఒప్పుకోనందుకే వారిని వెలివేశారనీ ఆయన వాదించాడు. 1907లో 'ఒరు పైసా తమిళన్' అనే వారపత్రికను ప్రారంభించాడు. పేరే చెబుతున్నట్టు దాని వెల ఒక పైసా. అదే సంవత్సరం మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో విజ్ఞానశాస్త్రం బోధించిన పోకల లక్ష్మీనరసు ఆంగ్లంలో 'బౌద్ధ సారం' అనదగిన గ్రంథాన్ని ప్రచురించాడు. అద్భుతాలను, మహిమలను పక్కన పెట్టి, హేతువుకు నిలిచే నైతిక బోధగా బుద్ధుడి మాటను వివరించిన ఆ పుస్తకాన్నే 1948లో డాక్టర్ అంబేడ్కర్ తన ముందుమాటతో మళ్లీ అచ్చు వేయించారు.

శాక్య బౌద్ధ సంఘానికి బెంగళూరులోనూ, కోలారు బంగారు గనుల్లోనూ శాఖలు వెలిశాయి. వీటిలో మారికుప్పం, ఛాంపియన్ రీఫ్స్ ప్రాంతాల శాఖలు ఎంతో చురుకుగా పనిచేశాయి. 1880ల నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ నడిపిన ఆ గనులకు తమిళ జిల్లాల నుంచీ, చిత్తూరు వైపు తెలుగు ఊళ్ల నుంచీ కూలీలు తరలివచ్చారు. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు మొదట వెళ్లింది గనులకే. బెంగళూరు వీధులకు ఆ వెలుగు ఆ తరువాతే వచ్చింది. కాలక్రమంలో మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగిన ఆ సొరంగాల్లో ఉక్క, రాతిధూళి, ఉన్నట్టుండి పగిలే బండలు కార్మికుడి రోజువారీ బతుకు. ఊళ్లో కులం వెంటాడింది, గనిలో చావు వెంటాడింది. అటువంటి చోట పంచశీలం ఒక సంఘజీవన ప్రణాళికగా మారింది. చదువుకునే గదులు, బడులు, ఆదివారపు ఉపన్యాసాలు, పురోహితుడు లేకుండా బౌద్ధ పద్ధతిలో జరిపే పెళ్లిళ్లు, అంత్యక్రియలు ఆ జీవనంలో భాగాలయ్యాయి. కూలిడబ్బు ఇంటికి చేరేలోపే సారా దుకాణంలో కరిగిపోయే కార్మిక వాడలో ఐదో శీలం ఎంత ఆధ్యాత్మిక విషయమో అంత కుటుంబ ఆర్థిక విషయం కూడా. అయోతీదాసు మరణించాక ఆయన రచనలను భద్రపరచి ప్రచురించిన సిద్ధార్థ పుస్తకశాల ఈ గనుల ఊరిదే. 'తమిళన్' పత్రికను 1926లో మళ్లీ బతికించి నడిపింది కూడా ఇక్కడి బౌద్ధులే. 2001లో గనులు మూతపడ్డాయి; ఊరి చరిత్రలో బంగారం గురించి చెప్పుకున్నంతగా ఈ పుస్తకశాల గురించి చెప్పుకోవడం లేదు.

1956: రెండు దారులు

బుద్ధుడి పరినిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా దేశమంతా ఉత్సవాలు జరుపుకున్న 1956వ సంవత్సరం ఈ చరిత్రలో ఒక మలుపు. ఆ ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేడ్కర్, ఆయన వెంట లక్షలాది అనుచరులు బౌద్ధాన్ని స్వీకరించారు. అంబేడ్కర్‌కు బుద్ధ, ధమ్మ, సంఘాల శరణు కోరే త్రిశరణాలు, పంచశీలం ఇచ్చినవాడు కుశీనగరంలో ఉండే బర్మా భిక్షువు చంద్రమణి మహాస్థవిరుడు. అదే చంద్రమణి వద్ద 1949 వైశాఖ పూర్ణిమకు కుశీనగరంలో దీక్ష తీసుకున్న యువకుడు బుద్ధరక్ఖిత. ఆయనే 1956లో బెంగళూరు గాంధీనగర్ కాళిదాస రోడ్డులో మహాబోధి సొసైటీని స్థాపించాడు. ఒకే గురువు చేతి మీదుగా వచ్చిన బోధ ఒకే ఏడాది రెండు దారుల్లో సాగింది. నాగపూర్‌లో అది కులవ్యవస్థను తిరస్కరించే సామూహిక నిర్ణయమైంది. బెంగళూరులో నగర జీవనంలో నీతిని, సేవను నేర్పే విహారమైంది. బౌద్ధంలో దేవుడి స్థానాన్ని నీతి ఆక్రమిస్తుందని అంబేడ్కర్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో వివరించారు. ఇద్దరు మనుషులు ఉన్న ప్రతిచోటా ధమ్మం అవసరమేనన్న ఆ ఆలోచన ఎర్రగుడి శాసనానికి ఎంతో దగ్గరగా ఉంది.

1922లో ఇంఫాల్‌లో పుట్టిన బుద్ధరక్ఖిత రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక సేవలో పనిచేసి, ఆ తరువాత ఇల్లు విడిచి దక్షిణాదంతా సంచరించాడు. 1954 నుంచి 1956 దాకా రంగూన్‌లో జరిగిన ఛట్ఠ సంగాయన, అంటే పాళీ త్రిపిటకాన్ని పండిత భిక్షువులు కూర్చుని పాఠం సరిచూసిన ఆరో మహాసభలో, సంపాదక వర్గంలో పనిచేశాడు. 'ధమ్మపదం'ను ఆంగ్లంలోకి అనువదించాడు. ఆయన స్థాపించిన విహారం మెజెస్టిక్ బస్టాండుకు, రైల్వే స్టేషనుకు దగ్గర. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, చిత్తూరు నుంచి ఉద్యోగం కోసమో వైద్యం కోసమో వచ్చే తెలుగువారు దిగేది అక్కడే. సినిమా పంపిణీదారుల ఆఫీసులు, లాడ్జీలు, హోటళ్ల సందడి మధ్య బోధగయ మహాబోధి ఆలయాన్ని పోలిన శిఖరం, ఆవరణలో రావిచెట్టు, పాళీలో వినిపించే త్రిశరణ పంచశీల పఠనం ఆ చోటుకు గుర్తులు. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ చదువుకుని భిక్షువులయ్యారు. ఇక్కడే శిక్షణ పొందిన భిక్షు సంఘసేన 1986లో లద్దాఖ్‌లో మహాబోధి ధ్యాన కేంద్రాన్ని స్థాపించి, దాని చుట్టూ బడి, ఆసుపత్రి, వృద్ధాశ్రమం ఏర్పాటు చేశాడు.

బెంగళూరు విహారం చేసిన పనుల్లో నగరవాసులకు చిరకాలం గుర్తుండేది, కె.ఆర్. మార్కెట్ పక్కన 1900లో ప్రారంభమైన విక్టోరియా ఆసుపత్రిలో ఉంది. కాలిన గాయాల విభాగాన్ని అక్కడ మహాబోధి పేరుతోనే పిలుస్తారు. కాలిన గాయాల వైద్యం ఓర్పు మీద నడిచే వైద్యం. చర్మం పోయిన చోట సూక్ష్మజీవులు చేరకుండా కాపాడాలి, కట్లు మార్చే ప్రతిసారీ కలిగే నొప్పిని ఓదార్చాలి, ఒంట్లోంచి పోయే నీటిని లెక్కగట్టి ఎక్కించాలి, మరోచోటి చర్మం తెచ్చి అతకాలి, అతికాక కీళ్లు బిగుసుకుపోకుండా వ్యాయామం చేయించాలి. ఇవన్నీ వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. స్టవ్ పేలి, వంటింట్లో చీరకు నిప్పంటుకుని వచ్చే ఆడవారు, వేడినీళ్లు మీద పడిన పసిపిల్లలు, ఫ్యాక్టరీ ప్రమాదాల్లో గాయపడిన కార్మికులు ఇటువంటి వార్డుల్లో ఉంటారు; వారిలో అత్యధికులు పేదలు. ప్రాణం తీయకూడదన్న మొదటి శీలానికి ప్రాణాన్ని కాపాడాలన్న మరో ముఖం ఉందని పాళీ సంప్రదాయం మొదటినుంచీ చెబుతోంది. తనకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయాలని బుద్ధుడు భిక్షువులకు చెప్పిన సందర్భం వినయ గ్రంథంలో ఉంది. ఆ ఉపదేశం బెంగళూరులో మంచాలుగా, మందులుగా, గాజుగుడ్డగా మారింది. అక్కడ చేరే రోగిని మతం అడగవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

శరణార్థులు తెచ్చిన మాట, ధ్యానం తెచ్చిన పరీక్ష

1959 తరువాత టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులకు చోటు అవసరమైనప్పుడు మైసూరు రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చి బైలకుప్పె దగ్గర సుమారు 3,000 ఎకరాలు ఇచ్చిన సంగతి టిబెటన్లు నేటికీ కృతజ్ఞతతో చెప్పుకుంటారు. అడవి నరికి మొక్కజొన్న వేసుకున్న ఆ వలస గ్రామాల మధ్యనే సెరా, నమ్‌డ్రోలింగ్ మఠాలు మళ్లీ తలెత్తాయి. దలైలామా 1999లోనూ 2011లోనూ ప్రచురించిన రెండు పుస్తకాల్లో, మతంతో ముడిపెట్టని నీతిని, అంటే లౌకిక నీతిని ప్రతిపాదించారు. మతాన్ని తోసిపుచ్చడం కాక, నమ్మేవారినీ నమ్మనివారినీ సమానంగా గౌరవించడం అనే భారతీయ అర్థంలోనే లౌకికం అనే మాటను తాను వాడుతున్నానని ఆయన పదే పదే చెప్పారు. బెంగళూరు శివార్లలో ఆయన పేరుతో నడుస్తున్న ఉన్నత విద్యాసంస్థలో టిబెటన్ యువతీయువకులు భారతీయ విద్యార్థులతో కలిసి ఆధునిక శాస్త్రాలు చదువుకుంటున్నారు.

ధ్యానం మరో దారిలో వచ్చింది. బర్మాకు అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ఊ బా ఖిన్ తన కార్యాలయంలోనే ఉద్యోగులకు ధ్యానం నేర్పించి, లంచం లేని కార్యాలయాన్ని నడపడానికి అదే సాధనంగా వాడాడు. ఆయన శిష్యుడు ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి విపశ్యన శిబిరాలు ప్రారంభించాడు. 1976లో హైదరాబాదు దగ్గర ధమ్మఖేత్త కేంద్రం వెలసింది, ఆ తరువాత బెంగళూరు శివార్లలోని ఆలూరులో ధమ్మపఫుల్ల కేంద్రం ఏర్పడింది. విపశ్యన అంటే శరీరంలో, మనసులో కలిగే స్పందనలను సమచిత్తంతో గమనించడం. ఏ మతంవారైనా చేరవచ్చు, బోధనకు రుసుము లేదు. కానీ పది రోజుల శిబిరంలో కళ్లు మూసుకుని కూర్చునే ముందు ప్రతి ఒక్కరూ పంచశీలాన్ని స్వీకరించి తీరాలి. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. శీలం మీద సమాధి, అంటే ఏకాగ్రత, సమాధి మీద ప్రజ్ఞ నిలుస్తాయన్నది బౌద్ధ సాధనకు పునాది.

సరిగ్గా ఆ పునాది దగ్గరే నేటి బెంగళూరు పరీక్షకు నిలబడింది. 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలిక నొప్పితో, ఒత్తిడితో బాధపడే రోగుల కోసం స్మృతి సాధనను వైద్యశాలలో ప్రవేశపెట్టాక, అది మైండ్‌ఫుల్‌నెస్ అనే పేరుతో ప్రపంచమంతా తిరిగి సాఫ్ట్‌వేర్ కంపెనీల శిక్షణ గదులకు చేరింది. ఒత్తిడి తగ్గించే ఏ సాధననూ తక్కువ చేయనక్కరలేదు. రాత్రిళ్లు నిద్రపట్టని ఉద్యోగికి అరగంట ప్రశాంతత చిన్న విషయం కాదు. అయితే బుద్ధుడు చెప్పిన అష్టాంగిక మార్గంలో స్మృతి ఏడో అంగం, దానికి ముందే మాట, పని, జీవనోపాధి ఉన్నాయి. గురిపెట్టిన వేటగాడికి కూడా ఏకాగ్రత ఉంటుంది, దాన్ని సమ్యక్ స్మృతి అనరు. అధిక పనిగంటలను అలాగే ఉంచి ధ్యానం నేర్పించే సంస్థ, శక్తికి తగిన పని అప్పగించాలన్న యజమాని మొదటి బాధ్యతను దాటేసి ఏడో అంగం దగ్గర మొదలుపెట్టినట్టు అవుతుంది. చిన్న అప్పు ఇచ్చి ఫోన్లోని నంబర్లన్నింటికీ కబురు పెట్టి పరువు తీసి వసూలు చేసే యాప్‌ను, యువకులను జూదంలోకి దించే ఆటను తయారుచేసేవారు ఉదయం ధ్యానం చేసినా, జీవనోపాధి నియమం ముందు వారికి జవాబు దొరకదు. వాట్సాప్‌లో వచ్చిన నింద నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపేవారికి నాలుగో శీలమూ, పన్నెండో శిలాశాసనమూ ఒకే హెచ్చరిక చేస్తాయి.

లౌకిక సమాజంలో బౌద్ధ నీతిని పాటించడానికి పేరు మార్చుకోనక్కరలేదని, గుడికి వెళ్లడం మానుకోనక్కరలేదని ఈ నేల చరిత్ర మొత్తం చెబుతోంది. కోలారులో దాన్ని పాటించినవారు కులాన్ని వదిలించుకోవడానికి బౌద్ధులయ్యారు, వారికి ఆ పేరు అవసరమైంది, ఆ అవసరాన్ని గౌరవించాలి. విక్టోరియా ఆసుపత్రిలో దాని ఫలం అందుకునేవారికి ఏ పేరూ అవసరం కాలేదు. రెండు చోట్లా పరీక్ష మాత్రం ఒక్కటే: మనకన్నా బలహీనుడైన మనిషి మన చేతుల్లో ఎలా ఉన్నాడు అన్నది. అశోకుడు తన నిజమైన మంగళకార్యాల జాబితాలో మొదట రాయించినది దాసులతో, పనివారితో మెలిగే తీరు. సిగాలుడు మొక్కవలసిన ఆరు దిక్కుల్లో బుద్ధుడు పనివారికి ఒక దిక్కునే కేటాయించాడు.

బెంగళూరులోనూ హైదరాబాదులోనూ వేల అపార్టుమెంట్లలో ఉదయం ఆరింటికే తలుపు తట్టే పనిమనుషులు ఉన్నారు. కొన్నిచోట్ల వారికి వేరే లిఫ్టు, వేరే గ్లాసు. జ్వరం వచ్చి రెండు రోజులు మానేస్తే జీతంలో కోత. ఆ లిఫ్టునూ, ఆ గ్లాసునూ, ఆ కోతనూ తీసివేయడానికి చట్టం కోసమో ధ్యాన శిబిరం కోసమో ఎదురుచూడవలసిన పని లేదు. పండుగనాడు ఇంట్లో వండినది పనివారికీ అదే పళ్లెంలో పెట్టి, జబ్బు చేసిన రోజుల జీతం పూర్తిగా ఇచ్చే ప్రతి ఇల్లూ ఎర్రగుడి బండ మీది మాటను ఇప్పటికీ చదువుతున్న ఇల్లే. ఆ చదువు ఏ ఇంటినుంచైనా, ఈ నెల జీతం ఇచ్చే రోజునుంచే మొదలుకావచ్చు.